గాలివాటం

మా తాత ఓదేలు
అడివికి పోయే పొద్దు సబ్బు ముట్టకపోయేటోడు.
పొయ్యిల బూడిద చిటికెడు తీసి
వాకిట్ల నిలబడి గాలిల వదిలేటోడు.
అది ఎటు పారితే, మా నడక దానికి ఎదురు.
"మనకన్న ముందు మన వాసన పోవద్దు బిడ్డా."
గంతే. పాకాల అడివిలకు దిగినంక
మల్ల మాట లేదు.

నాకు తొమ్మిదేండ్లు.
చిన్నబాపు పాత లాగు తొడిగి, నడుముకు సుతిలి కట్టి తీస్కపోయిండు.
నాయినమ్మ దర్వాజ కాడికెల్లి ఒకటే తిట్టుడు:
"ఆడపిల్లకు అడివేందయ్యా,
రేపు అత్తగారింట్ల వల పన్నుతదా?"
"మనింట్ల పన్నిందెవ్వలు, పడ్డదెవ్వలు?
నువ్వే చెప్పు," అన్నడు తాత, తిరిగి చూడకుంట.

ఎండిన మద్దాకుల మీద
మడమ కాదు, ముందు పాదం అంచు పెట్టాలె.
కౌజు కూసిన కాడ చూడొద్దు,
కూత ఆగిన కాడ చూడాలె.
చెవులపిల్లి పెంటికలు వేళ్ల నడుమ నలిపి
"రాత్రియి" అనేటోడు,
పేపర్ల తారీఖు చదివినట్టు.
వల కట్టి పొదల ఎనుక కూసుంటే
నా కడుపుల ఆకలి సప్పుడు సుత ఆయనకు వినపడేది.
కండ్లతోనే కోప్పడి
జేబులకెల్లి ఇప్పపువ్వు ఉండ తీసి ఇచ్చేటోడు.

అది నేరమేనట, ఇప్పుడు.
అప్పుడు సుత నేరమే.
నాకు తెల్వది. తాతకు తెలుసు.

ఇంటికొచ్చినంకనే అసలు పని.
మోదుగాకులు వరుసగ పరిచి కుప్పలు పెట్టేటోడు.
తక్కెడ లేదు, చెయ్యే.
పెద్దబాపుకు, చిన్నబాపుకు,
పక్కింట్ల కండ్లు కనపడని రాజవ్వకు,
నర్సంపేటల ఇచ్చిన మేనత్తకు ఉప్పు పసుపు రాసి
పొద్దుగాల బస్సుల, కండక్టరు చేతికిచ్చి.
వల మోసినందుకు నాకు సుత ఒక ఆకు, పెద్దమనిషి లెక్క.
సర్దారు కుక్కకు పేగులు.
ఆఖరికి ఆయన ముంగటి ఆకుల అన్నీ బొక్కలే.
"బొక్కల్నే రుచుంటది."

ముప్పై ఏండ్లు దాన్ని త్యాగమనుకున్న.
పదకొండో దినం నాడు అందరి ముంగట చెప్పుకుంట ఏడిస్తే
నాయినమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకొని నవ్వింది.
"త్యాగమా?
మూలుగంత ఎవ్వలు జుర్రిన్రు మరి?
నా పెండ్లైన కాడికెల్లి
ఒక్క బొక్క ఇడిసిపెట్టిండా నాకు?"

ఎంజీఎం దవాఖానల ఆఖరి రాత్రి,
నెత్తి మీద ఫ్యాన్ కిర్రుకిర్రుమంట తిరుగుతాంది.
శానసేపు దాన్నే చూసి, మెల్లగ
"బిడ్డా, ఇటు జరుగు.
గాలి నీ మీదికెల్లి పోతాంది. అది లేచిపోతది," అన్నడు.
ఏది, అని అడగలే.
స్టూలు ఎత్తి, గీరకుంట, అవతల పెట్టుకున్న.
బాపు జరిగిండు. చిన్నబాపు జరిగిండు.
మేమందరం మంచానికి ఒక్క దిక్కే
గుంపుగ కూసున్నం, దగ్గు సుత ఆపుకొని.
నర్సమ్మ వచ్చి "ఏమైంది?" అంటే
బాపు పెదాల మీద ఏలు పెట్టిండు.

మూడో నాడు చెరువు గట్టు మీద
కుండల ఎత్తుకున్నంక మిగిలినదాంట్ల
నేనొక చిటికెడు తీసిన.
చెయ్యి పైకి లేపి వదిలిన.

ఆ పొద్దు గాలి లేకుండె.
నా కాళ్ల మీదనే రాలింది.

తుంగల అవతల ఎక్కడ్నో ఒక కౌజు కూసి
ఆగింది.
ఆగిన కాడ చూసిన.